ఇంటి తండ్రి, ఊరి పెద్ద

ధ్యానమునకు: 1 సమూయేలు 7:15 – 8:3



మంచిపని, చెడ్డపని రెండును ఎదుట నుంచి ఏది చేయవలెనని అడిగినయెడల సండేబడి పిల్లవాడైనను జవాబు చెప్పగలడు. రెండు మంచిపనులు ఒకేసారి వచ్చి తలుపు తట్టినప్పుడే పెద్దవారమైన మనము తడబడుదుము. అట్టి ప్రశ్న యొకటి ఈ మాసము మీ యెదుట ఉంచుచున్నాను. తండ్రియైనవానికి పనిగంటలు పోగా మిగిలిన సమయము ఎవరిది? అతనిదా, ఇంటివారిదా, ఊరివారిదా?

ఈ ప్రశ్న నాకు పుస్తకములో దొరకలేదు. గడచిన ఫిబ్రవరి మాసములో విశాఖపట్నము దాపున రుషికొండలో మా అక్క యింట మూడు దినములుంటిని. అక్కడ దొరికినది.

మీలో అనేకుల బిడ్డలు అట్టి చోటులకే పోయియున్నారు గనుక ఆ స్థలమును గూర్చి రెండు మాటలు చెప్పెదను. విశాఖనుండి భీమునిపట్నము పోవు సముద్రపు దారిలో, ఒక ప్రక్క కొండలు, మరియొక ప్రక్క సముద్రము, నడుమ రుషికొండ. పూర్వము అది జాలరివారి పల్లె. 1933లో విశాఖ ఓడరేవు తెరువబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. శ్రీకాకుళము, విజయనగరము పల్లెలనుండి మనవంటివారి కుమారులు పనికై పట్టణము చేరిరి. 1980లో స్థాపింపబడిన గీతం విద్యాసంస్థ రుషికొండలో పెరిగెను. తరువాత కొండలమీద కంప్యూటరు కార్యాలయములు, కొండల క్రింద కాలనీలు, అపార్టుమెంట్లు లేచినవి. 2020లో ఆ తీరమునకు బ్లూ ఫ్లాగ్ అను అంతర్జాతీయ గుర్తింపు వచ్చినది.

ఆ ఊరి పేరులో ఋషి యున్నాడు. దాపుననే తొట్లకొండ, బావికొండలమీద సుమారు రెండువేల యేండ్లనాటి బౌద్ధ భిక్షువుల విహారములు త్రవ్వకములలో బయటపడినవి. ఆ భిక్షువులు ఇల్లు విడిచి కొండకు వచ్చిరి. ఇల్లు విడిచినవానికి మన ప్రశ్న లేదు. ఇల్లు కట్టుకొని, ఆలుబిడ్డలతో ఆ కొండల నీడనే కాపురముండువానికే ఈ చిక్కు.

మా మేనల్లుడు ఓడరేవులో షిఫ్టు పని చేయును. త్రాగుడు లేదు, పేకాట లేదు. జీతము పైసాతో సహా ఇంటికే చేరును. కాలనీ సంక్షేమ సంఘమునకు అతడే కార్యదర్శి. చర్చి కమిటీలో అతడే ట్రెజరరు. ఆదివారము తెల్లవారగనే నలుగురితో కలసి తీరమున ప్లాస్టిక్ సీసాలు ఏరి, స్నానము చేసి ఆరాధనకు వచ్చును. తీరిక దొరికిన సాయంత్రము గాలము పట్టుకొని సముద్రపు రాళ్లమీద ఒంటరిగా కూర్చుండును. అదొక్కటే అతని ముచ్చట. ఇట్టి మనుష్యునిలో తప్పు వెదకువాడు ఎవడు?

ఈ పెద్దరికము ఎట్లు వచ్చినదో అతడే చెప్పెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ యొద్ద తీరము దాటినది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగమునకు చేరినది. చెట్లు కూలినవి, స్తంభములు వంగినవి, కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోను లేదు. అప్పుడు మా మేనల్లుడు ట్యాంకరు వెంట పరుగెత్తి కాలనీకి నీళ్లు తెప్పించెను. ముసలివారి గుమ్మముల యొద్దకు బిందెలు మోసెను. అదే వేళ తన యింట కిటికీ అద్దములు పగిలి, భార్య నాలుగేండ్ల పిల్లను చంకనెత్తుకొని తడిసిన పరుపులు ఈడ్చుకొనుచుండెను. దీనికి ఎవరును అతనిని తప్పుపట్టరాదు. దప్పికగొన్నవారికి నీళ్లిచ్చుట ఆనాడు మొదటి పని. భార్యయు ఆ మాటే చెప్పినది.

అయితే తుపాను పోయెను గాని తుపానునాటి అలవాటు పోలేదు. ఆనాడు పిలిచినవారు తరువాతను పిలుచుచునే యుండిరి. ఆనాడు ఓర్చుకొనిన ఇంటివారు తరువాతను ఓర్చుకొందురని అతడు తలంచెను.

నేను వచ్చిన రాత్రి జరిగినది వినుడి. చలికాలము వెళ్లుచుండగా ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్లు ఆ తీరమునకు వచ్చును. రాత్రివేళ ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి మరల సముద్రములోనికి పోవును. తల్లి తిరిగి చూడదు. కుక్కలు త్రవ్వి తినకుండ అటవీశాఖవారు ఆ గుడ్లను జాగ్రత్తగా తీసి, కంచె వేసిన చోట పాతిపెట్టి కాపాడుదురు. 45 మొదలు 60 దినములలో పిల్లలు పైకి రాగా సముద్రములో విడుతురు. మా మేనల్లుడు వారికి సాయముగా రాత్రులు తీరమున నడుచును. ఆ రాత్రియు టార్చిలైటు తీసికొని బయలుదేరెను. అయిదవ తరగతి చదువు కుమారుడు చెప్పులు తొడిగి గుమ్మములో నిలిచి, “నాన్నా, నేనూ వస్తాను” అనెను. “రేపు స్కూలుంది, పడుకో” అని తండ్రి వెళ్లిపోయెను. పిల్లవాడు చెప్పులు విప్పలేదు. చాలసేపు మెట్టుమీద అట్లే కూర్చుండెను.

లోపల మా అక్క అలమారలోనుండి శాలువలు తీసి నాకు చూపి యిట్లనెను: “మావాడికి మూడు శాలువాలొచ్చాయిరా తమ్ముడూ. ఇంటికి మనిషే రాడు. తాబేలు పిల్లలకున్న కాపలా మా పిల్లలకి లేకపోయింది.” ఆమె నవ్వుచునే చెప్పినది. కోడలు నవ్వలేదు.

మరునాడు ఉదయము నేనును మేనల్లుడును తీరమునకు నడిచితిమి. అచ్చట జాలరులు పెద్దవల లాగుచుండిరి. దీనిని అలివి వల యనియు అందురు. పడవమీద వలను తీసికొనిపోయి సముద్రములో వంపుగా విడిచి, రెండు కొసల త్రాళ్లను ఒడ్డున రెండు గుంపులు పట్టి లాగుదురు. నేను మెల్లగా రాత్రి సంగతి ఎత్తితిని. అతని ముఖము ఎర్రబడెను.

“మామయ్యా, నేను తాగి వస్తున్నానా? జూదమాడి ఇల్లు గుల్ల చేస్తున్నానా? నలుగురికి పనికొచ్చే పని చేస్తున్నాను. నేను మానేస్తే ఎవరు చేస్తారు? మీరే కదా మా చిన్నప్పుడు చెప్పారు, మన కోసమే మనం బతకకూడదని!”

నేను జవాబు చెప్పలేకపోతిని. ఏలయనగా చెప్పినది నేనే, చేసినదియు నేనే. ముప్పది యేండ్లు పల్లెబడిలో పంతులుగా నుండి, సెలవు దొరికినప్పుడెల్ల కూటములకని ఊరూర తిరిగితిని. నా కుమారునికి జ్వరము ముదిరిన రాత్రి నేను పొరుగూరి కూటములో బిడ్డల పెంపకమును గూర్చియే ప్రసంగించుచుంటిని. ఇప్పుడు వాడు దూరదేశమున ఉద్యోగము చేయుచు ఆదివారము తప్పక ఫోను చేయును. తల్లితో “ఏం తిన్నావే అమ్మా?” అని గంటసేపు మాటలాడును. నాతో “ఆరోగ్యం బాగుందాండీ?” అనును. తండ్రిని గౌరవించి పలుకుట మంచిదే. దానిని మర్యాదయని నేను చాలకాలము సంతోషించితిని. ఆ మర్యాదలో ఎంత దూరమున్నదో ముసలితనమున తెలిసికొంటిని. ఇది నేను మేనల్లునికి చెప్పితిని. అతడు చాలసేపు వలవైపు చూచుచుండెను.

సహోదరులారా, లేఖనములో సమూయేలు వృత్తాంతమును చూడుడి. అతడు ఏటేట బేతేలునకు, గిల్గాలునకు, మిస్పాకు తిరిగి ప్రజలకు న్యాయము తీర్చుచు, రామాలోని తన యింటికి వచ్చుచుండెను. లంచము పుచ్చుకొనెనని అతనిమీద చెప్పగలవాడు ఇశ్రాయేలులో లేకపోయెను. అయినను అతని కుమారులు యోవేలు, అబీయా లంచములు పుచ్చుకొనిరి. ఎందుచేత? లేఖనము కారణము చెప్పలేదు; చెప్పనిదానిని మనము కల్పింపరాదు. కాని సమూయేలు ఏలీ యొద్ద పెరిగినవాడు. ఏలీ కుమారుల చెడుతనమును ఎరిగినవాడు. ఏలీ యింటిమీదికి రానున్న తీర్పును తన చిన్ననోట చెప్పినవాడు. అట్టివాని యింటను బిడ్డలు త్రోవ తప్పిరి. ఎరిగియుండుట చాలదని దీనివలన మనము భయముతో నేర్చుకొనవలెను.

ప్రభువు కొర్బాను అనుదానిని గూర్చి చెప్పిన మాటయు జ్ఞాపకము చేసికొనుడి. తలిదండ్రులకు చెందవలసినదానిని దేవునికి అర్పితమని చెప్పి, వారి చేయి ఖాళీగా విడిచినవారిని ఆయన గద్దించెను. అర్పణ మంచిదే, అయితే ఇతరులకు ఋణపడినదానిని తెచ్చి అర్పించుట మంచిది కాదు. మనము డబ్బు విషయములో దీనిని ఎరుగుదుము. అప్పుతీర్చక చందా వ్రాయించువానిని మెచ్చము. సమయము విషయములో మాత్రము ఆ లెక్క చూడము. బిడ్డకు ఋణపడిన సాయంత్రమును ఊరికి దానమిచ్చి, ఆ దానమునకు శాలువ కప్పించుకొందుము. శాలువ కప్పువారికి తెలియదు, దాని వెల ఎవరు చెల్లించిరో.

అటులైన తండ్రి ఊరి పనులన్నియు మాని గేటు మూసికొని కూర్చుండవలెనా? కాదు. అది రెండవ గుంట. కొత్త కాలనీలలో అట్టివారును కలరు. నా భార్య, నా బిడ్డలు, నా కారు అందురు. ప్రక్కయింట ముసలివాడు పడిపోయినను తలుపు తీయరు. అట్టి యింట పెరిగిన బిడ్డ ఏమి నేర్చుకొనును? లోకమంతయు నా యింటి గోడయొద్ద ముగిసినదని నేర్చుకొనును. హుద్‌హుద్ దినమున మా మేనల్లుడు ఇంటనే కూర్చుండినయెడల అతని బిడ్డలు నష్టపోయియుందురేగాని లాభపడియుండరు.

ప్రభువు సిలువమీద నుండగా ఏమి చేసెనో చూడుడి. లోకమంతటి భారము మోయు గడియలో తల్లిని చూచి, ఆమెను శిష్యునికి అప్పగించెను. అంతకంటె గొప్ప పని ఏ కార్యదర్శికిని లేదు. అంత గొప్ప పనిలోను ఇంటివారిని మరువలేదు; ఇంటివారి నిమిత్తము ఆ పనిని విడువలేదు.

మరి త్రోవ ఏది? ఆనాడు వల లాగువారే నాకు చూపిరి. ఒక గుంపు బలముకొలది ముందుకు లాగి, రెండవ గుంపు వెనుకబడినయెడల వల వంకరపోవును, చేప జారిపోవును. అందుచేత ఈ త్రాటివారు ఆ త్రాటివారిని చూచుకొనుచు, కేకలు వేసికొనుచు లాగుదురు. ఇల్లొక త్రాడు, ఊరొక త్రాడు. ఒకదానిని వదలి రెండవదానిని లాగుటవలన ఏదియు ఒడ్డుకు రాదు.

మొదటిది, అడుగుడి. ఊరికి మాట ఇచ్చుటకు ముందు ఇంట అడుగుడి. ఆ సాయంత్రము మీదొక్కరిది కాదు. భార్యకును బిడ్డకును దానిలో పాలున్నది. అడుగకుండ ఇచ్చినది త్యాగము కాదు. వారి పాలును వారికి చెప్పక తీసికొనుటయే. అడిగినయెడల అనేక పర్యాయములు వారే “వెళ్లండి” అందురు. అప్పుడు ఆ సేవ ఇంటివారందరిది అగును.

రెండవది, వెంట తీసికొనిపొండి. దేవుని మాటలను ఇంట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును బిడ్డలతో మాటలాడవలెనని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము బోధించుచున్నది. త్రోవలో మాటలాడవలెనన్న బిడ్డ త్రోవలో మన వెంట ఉండవలెను గదా! చెరువుకు గాలము వేయబోయినను, చర్చికి సున్నము కొట్టబోయినను, పంచాయతీకి అర్జీ ఇయ్యబోయినను, బిడ్డ చేయి పట్టుకొనిపొండి. పని కొంచెము ఆలస్యమగును. కానిండు.

మూడవది, ముచ్చటను గూర్చి. అలసిన మనుష్యుడు గాలము పట్టుకొని కూర్చుండుట పాపము కాదు. విశ్రాంతి దేవుడిచ్చినదే. అయితే పని గంటలు ఒకరివి, సేవ గంటలు ఒకరివి, విశ్రాంతి గంటలు తనవి అయినయెడల ఇంటివారికి మిగిలినది ఏమి? నిద్ర మాత్రమే.

పల్లెలోనివారమైన మనకును ఇది చెల్లును. రచ్చబండయొద్ద పది యిండ్ల తగవులు తీర్చి, తన యింట పెదవి విప్పని పెద్దలు మనలో లేరా? నేనుంటిని గదా.

మార్చి నెలాఖరున మా మేనల్లుడు ఫోను చేసెను. కార్యదర్శి పని మానలేదట. రాత్రి కాపలా మాత్రము వారమునకు ఒకటిగా తగ్గించి, శనివారము పెట్టుకొనెనట. ఆ రాత్రి కుమారుడు టార్చిలైటు పట్టుకొనునట. ఒక తెల్లవారుజామున గుప్పెడంత పిల్లలు ఇసుకమీద ప్రాకుచు సముద్రములో కలియుట ఇద్దరును చూచిరట. రెండవ గాలము కూడ కొనెను. “మాట్లాడితే చేపలు బెదిరిపోతాయి మామయ్యా, వీడు నోరు మూయడు” అని నవ్వెను.

“పెద్దపిల్ల వస్తోందా?” అని అడిగితిని. కొంతసేపు పలుకలేదు. “పిలిచాను మామయ్యా. చదువుకోవాలంది” అనెను.

పదేండ్లు పిలువని బిడ్డ ఒక్క పిలుపునకు రాదు. అయినను పిలుచుట మానవద్దని చెప్పితిని. ఆ రాత్రి నేనును ఆదివారమువరకు ఆగక, దూరదేశమునకు నేనే మొదట ఫోను చేసితిని. “ఏం తిన్నావురా?” అని అడిగితిని. వాడు కొంచెము ఆశ్చర్యపడి, తరువాత చెప్పుట మొదలుపెట్టెను.