మౌనం ఎప్పుడు ప్రమాణమవుతుంది?

తక్కువ విద్యుత్తుతో పనిచేసే వైర్‌లెస్ ప్రసారాన్ని మైక్రోకంట్రోలర్లతో నేర్చుకోబోయేవారు తమ ముందున్న సమస్య సందేశాన్ని గాలిలో పంపడమేనని భావించడం సహజం. కాని ఆ విద్యలోని లోతైన ప్రశ్న సందేశం రానప్పుడు పుడుతుంది: అవతలి పరికరం మౌనంగా ఉంటే ఆ మౌనం నుంచి ఏదైనా తెలుసుకోవచ్చునా, తెలుసుకున్నదానిని జ్ఞానమనవచ్చునా? లేమి ఎలా తెలుస్తుందన్న విషయం మీద మీమాంసకులు, నైయాయికులు, బౌద్ధులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు గనుక, ఆ వాదం ఎరిగినవారికి ఈ చిన్న యంత్రాల చిక్కు పరిచితమైనదిగానే తోస్తుంది.

మైక్రోకంట్రోలర్ అంటే లెక్కలు చేసే భాగం, మెమరీ, బయటి తీగలను కలుపుకొనే కాళ్లు అన్నీ ఒకే చిప్‌లో ఇమిడిన కంప్యూటర్. దానికి ఎన్ఆర్ఎఫ్24ఎల్01+ వంటి రేడియో మాడ్యూల్‌ను ఎస్‌పీఐ తీగల ద్వారా కలిపి, 3.3 వోల్టుల సరఫరా ఇచ్చి, ప్రసార క్షణంలో వోల్టేజీ కుంగకుండా సరఫరా కాళ్ల దగ్గర 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అతికి, రెండు వైపులా ఒకే ఛానల్, ఒకే చిరునామా, ఒకే వేగం పెడితే, 32 బైట్లకు మించని సందేశాలు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తాయి. ఈ రేడియో చిప్ పూర్తి బలంతో పలికేటప్పుడు 11.3 మిల్లీఆంపియర్లు, గరిష్ఠ వేగంలో వినేటప్పుడు 13.5 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. గాఢనిద్రలో ఒక మైక్రోఆంపియర్ కూడా తీసుకోదు. అంటే పలకడం కన్నా వినడమే ఖరీదు. పైగా పలికేవాడికి తానెప్పుడు పలకాలో తెలుసు గాని, వినేవాడు పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియక మేలుకొనే ఉండాలి. ఎడతెగకుండా వింటూ కూర్చుంటే సుమారు 220 మిల్లీఆంపియర్ గంటల నాణెం బ్యాటరీ, కాగితం మీది లెక్కలో సైతం, ఒక పగలూ రాత్రీ నిలవదు. అందువల్ల లోరావాన్ అనే వైర్‌లెస్ పద్ధతిలోని ‘ఏ’ తరగతి పరికరం తాను పలికాక మామూలు అమరికలో 1 సెకను తర్వాత ఒకసారి, 2 సెకన్ల తర్వాత మరొకసారి కొద్దిసేపు చెవి ఒగ్గి, పిలుపు లేకపోతే మళ్లీ నిద్రపోతుంది. బ్యాటరీ ఏళ్ల తరబడి రావాలంటే మౌనమే పరికరానికి సహజస్థితి కావాలి.

గుంటూరులోని ఒక మిర్చి శీతల గిడ్డంగిలో, తలుపు తెరుచుకుంటేనే సందేశం పంపే పరికరాన్ని అమర్చారనుకుంటే, రాత్రంతా ఏ సందేశమూ రాకపోవడానికి తలుపు మూసి ఉండడమూ కారణం కావచ్చు, బ్యాటరీ అయిపోవడమూ కావచ్చు, తరంగానికి దారి మూసుకుపోవడమూ కావచ్చు. వినేచోట మాత్రం మూడూ ఒకే మౌనంగా ఉంటాయి. ఇక్కడ కుమారిలభట్టు అనుయాయులైన భాట్ట మీమాంసకులు ఆరవ ప్రమాణంగా అంగీకరించిన అనుపలబ్ధి ఉపకరిస్తుంది. ప్రమాణమంటే యథార్థజ్ఞానానికి సాధనం. అనుపలబ్ధి అంటే కనబడకపోవడం. నేల మీద కుండ కనబడకపోవడం వల్లనే కుండ లేదని తెలుస్తుందని వారి మతం. అయితే చీకట్లో కనబడని కుండను లేదనడానికి వీల్లేదు గనుక, ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితిలో కనబడకపోవడమే ప్రమాణమని నియమం పెట్టి, దానికి యోగ్యానుపలబ్ధి అని పేరు పెట్టారు. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన న్యాయగ్రంథం తర్కసంగ్రహం అభావాన్ని, అంటే లేమిని, ఏడవ పదార్థంగా లెక్కిస్తుంది గాని, దాన్ని తెలుసుకోవడానికి వేరే ప్రమాణం అక్కర లేదని, ప్రత్యక్షమే చాలునని న్యాయమతం. ప్రమాణం ఏదన్న దగ్గర ఈ రెండు పక్షాలూ విడిపోయినా, వెలుగు ఉండాలన్న షరతు రెండింటికీ తప్పదు.

ఆ వెలుగును పరికరంలో నిర్మించడానికే హార్ట్‌బీట్ అనే క్షేమవార్తను పెడతారు. విశేషమేదీ లేకపోయినా పరికరం 15 నిమిషాలకొకసారి లేచి ఒక చిన్న సందేశం పంపితే, తలుపు తెరుచుకుంటే ఆ కబురు కూడా వచ్చి తీరేదనడానికి ఆధారం దొరుకుతుంది. కాని ఇక్కడ జాగ్రత్తగా చూడవలసినది ఒకటుంది. క్షేమవార్త రేడియో బతికే ఉందని మాత్రమే చెబుతూ, తలుపు దగ్గరి స్విచ్ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే, వెలుగు సగం దారిలోనే ఆగిపోయినట్టు. స్విచ్ ఆ క్షణంలో ఏ స్థితిలో ఉందో, బ్యాటరీ వోల్టేజీ ఎంతో ప్రతి వార్తలోనూ చేరిస్తే గాని యోగ్యత తలుపు దాకా వ్యాపించదు, చేర్చినా బిగుసుకుపోయిన స్విచ్ అబద్ధమే చెబుతుంది. ఇక వార్తలు పదింటిలో ఒకటి తప్పే చోట, వాటి తప్పిపోవడాలు పరస్పర సంబంధం లేనివైతే, వరుసగా మూడు తప్పడం వెయ్యింటిలో ఒకసారి జరిగే పని. మిర్చి బస్తాల లారీ అడ్డుగా నిలిచిన రాత్రి మాత్రం ఒకే కారణం మూడింటినీ మింగుతుంది గనుక ఆ లెక్క నిలవదు.

రసీదు పుచ్చుకుంటే సందేహం తీరుతుంది కదా అన్న ఆలోచన కూడా సహజమే. ఎన్ఆర్ఎఫ్24ఎల్01+ తనంతట తానే రసీదు కోసం ఆగి, అది రాకపోతే 15 సార్ల వరకు తిరిగి పంపగలదు. కాని రసీదు రాకపోతే పోయింది సందేశమో రసీదో పంపినవాడికి తెలియదు. రసీదు ఇచ్చినవాడికి అది అందిందో లేదో తెలియదు. రసీదుకు రసీదు కోరుతూ పోతే ఆ వరుసకు అంతం లేదని, నమ్మలేని దారి మీద ఇరువురికీ ఉమ్మడి నిశ్చయం అసాధ్యమని అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ 1975లో ప్రకటించిన వాదం కంప్యూటర్ శాస్త్రంలో ఇద్దరు సేనాపతుల సమస్యగా ప్రసిద్ధికెక్కింది. జ్ఞానం సరైనదని మరొక జ్ఞానం వల్లనే తేలుతుందన్న నైయాయికుల పరతఃప్రామాణ్యం మీద మీమాంసకులు మోపిన అనవస్థా దోషం, అంటే ఎక్కడా ఆగని పరంపర అనే దోషం, ఇదే రూపంలో ఉంటుంది. సందేహం కలిగిన చోటనే పరీక్ష అవసరమని, పని ఫలిస్తే అక్కడ ఆగవచ్చునని నైయాయికులు ఇచ్చిన సమాధానం ఇంజనీర్ల ఆచరణకు సరిపోతుంది. వారు ఒక్క రసీదుతో ఆగి, వచ్చిన సందేశమే మళ్లీ వస్తే గుర్తించడానికి ప్రతి పొట్లానికీ రెండు బిట్ల సంఖ్య తగిలిస్తారు.

అనుపలబ్ధిని తోసిపుచ్చిన మీమాంసకులూ ఉన్నారు. కుండ లేకపోవడమనే వేరే వస్తువు ఏదీ లేదని, తెలిసేది వట్టి నేల మాత్రమేనని ప్రభాకరుని అనుయాయులైన ప్రాభాకరులు వాదించారు. పరికరాన్ని రూపొందించేటప్పుడు భాట్టుల యోగ్యతా నియమమే దారి చూపుతుంది. ఫలితాన్ని తెర మీద చూపేటప్పుడు మాత్రం ప్రాభాకరుల నిగ్రహమే మేలు. తలుపు మూసి ఉందని రాసే తెర తాను ఎరగని ఈ క్షణం గురించి కూడా సాక్ష్యం చెబుతోంది. చివరి వార్త రాత్రి 10:45కు అందింది, అప్పటికి తలుపు మూసి ఉంది అని రాసే తెర తనకు అందినదాన్ని మాత్రమే చెబుతుంది. దానిని తెల్లవారుజామున చూసిన కాపలాదారు గడియారం వైపు చూసి, టార్చి అందుకుని తలుపు దగ్గరికి నడుస్తాడు.