ఎర్రర్ కొట్టిందని బెదిరిపోకు తల్లీ

అమ్మడూ,

జావా ల్యాబ్ ఉన్న రోజున నువ్వు సరిగా అన్నం కూడా తినట్లేదని మీ అమ్మ చెప్పింది. మన రామచంద్రపురంలో పొద్దున్నే కాలేజీ బస్సెక్కి కాకినాడ వెళ్లి చదువుకునే పిల్లలు చాలామంది నా దగ్గర కూర్చుని ఈ సబ్జెక్టు గురించే బెంగపడ్డారు. అందరిదీ ఒకటే మాట, "ప్రోగ్రాం రాశానండి, ఎర్రర్ కొడుతోంది." ఏం ఎర్రరమ్మా అని అడిగితే, "ఏమోనండి, బోల్డంత వచ్చింది" అంటారు. ఆ బోల్డంతలో ఒక్క వాక్యం కూడా చదివి ఉండరు. చదవకుండానే స్క్రీన్ తుడిచేసి, ప్రోగ్రాం మొదట్నుంచీ మళ్లీ టైపు చేస్తారు, లేదా పక్కవాళ్ల ఫైలు తెచ్చి అతికిస్తారు.

నేను నీకు చెప్పేది ఒక్కటే. ఆ వచ్చినదాన్ని చదువు. పైనుంచి, మొదటి వాక్యం నుంచి, నిదానంగా.

పదో తరగతి దాకా తెలుగులో చదివొచ్చిన పిల్లలకి అక్కడ అడ్డుపడేది జావా కాదు, ఇంగ్లీషు. గబగబా నాలుగు వాక్యాలు కనపడేసరికి మనసు చదవనంటుంది. కానీ కంపైలర్‌కి వచ్చిన ఇంగ్లీషు చాలా తక్కువ. తిప్పి తిప్పి అవే మాటలు వాడుతుంది. ఎక్స్‌పెక్టెడ్ అంటే ఇక్కడ ఇది ఉండాలి, లేదు అని. క్యానాట్ ఫైండ్ సింబల్ అంటే ఈ పేరు గలది నాకెక్కడా కనపడలేదు అని. ఇన్‌కంపాటిబుల్ టైప్స్ అంటే నువ్విచ్చిన విలువ రకం వేరు, పెట్టాలనుకున్న వేరియబుల్ రకం వేరు అని. మిస్సింగ్ రిటర్న్ స్టేట్‌మెంట్ అంటే ఈ మెథడ్ విలువ తిరిగిస్తానని చెప్పింది గానీ ఒక దారిలో ఇవ్వకుండానే ముగిసిపోతోంది అని. ఇవి వచ్చేస్తే మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో కనపడే వాటిలో చాలామటుకు వచ్చేసినట్టే.

ఆ వాక్యానికి ముందు ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. కింద ఆ లైను మళ్లీ రాసి, సరిగ్గా అనుమానం ఉన్న చోట చిన్న బాణం మొనలాంటి గుర్తు పెడుతుంది. క్యానాట్ ఫైండ్ సింబల్ వచ్చినప్పుడైతే ఇంకో రెండు లైన్లు అదనంగా ఇస్తుంది. సింబల్ అన్నచోట ఏ పేరు దొరకలేదో, లొకేషన్ అన్నచోట ఏ క్లాసులో వెతికిందో చెబుతుంది. సింబల్ పక్కన క్లాస్ స్కానర్ అని ఉంటే పైన ఇంపోర్ట్ లైను మర్చిపోయావన్నమాట. వేరియబుల్ అని ఉంటే స్పెల్లింగ్ చూడు, పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడు, లేదా లూప్ లోపల డిక్లేర్ చేసినదాన్ని బయట వాడావేమో చూడు. సిస్టమ్‌లో ఎస్ చిన్నది వేస్తే అది సింబల్ అని కూడా అనదు, సిస్టమ్ అనే ప్యాకేజీ లేదంటుంది. పిల్లలు ప్యాకేజీ అనే మాట చూసి కంగారుపడి జావా అంతా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మార్చాల్సింది ఒక్క అక్షరం.

ఇరవై ఎర్రర్లు వచ్చాయంటే ఇరవై తప్పులు చేశావని అనుకోకు. పైన తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడితే కింద శివారు చేలన్నీ ఎండుతాయి. శివారులో నిలబడి బోదె తవ్వుకుంటూ కూర్చుంటే నీళ్లు రావు. ఇక్కడా అంతే. మొదటి ఎర్రర్ ఒక్కటే సరిచెయ్యి, వెంటనే మళ్లీ కంపైల్ చెయ్యి. కిందివి చాలామటుకు వాటంతటవే పోతాయి. చివరి ఎర్రర్ స్క్రీన్ మీద కంటి ఎదురుగా ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు. నువ్వు పైకి స్క్రోల్ చెయ్యి.

లైను నంబరుని నమ్మకూడని చోటు ఒకటుంది. రీచ్డ్ ఎండ్ ఆఫ్ ఫైల్ వైల్ పార్సింగ్ అని వస్తే అది చూపించేది ఫైలు ఆఖరి లైను, తప్పు మాత్రం అక్కడ ఉండదు. ఎక్కడో తెరిచిన ఫ్లవర్ బ్రాకెట్ మూయలేదు, అది మూస్తావని కంపైలర్ ఫైలు చివరిదాకా చూసి ఆగిపోయింది. దీనికి విరుగుడు ముందే ఉంది. బ్రాకెట్ తెరవగానే మూసే బ్రాకెట్ కూడా కొట్టేసి, తర్వాత మధ్యలోకి వెళ్లి రాయి. లోపలి లైన్లు ఒక ట్యాబ్ జరిపి రాయి. వరస తప్పిన చోటు కంటికే తెలుస్తుంది.

ఇంట్లో ల్యాప్‌టాప్‌లో అసలు కంపైల్ దాకానే రాకపోతే సంగతి వేరు. జావాసి అనే కమాండ్ తెలియదని విండోస్ అంటే ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. జేడీకే ఫోల్డర్‌లో బిన్ అని ఉంటుంది, దాని దారిని పాత్ వేరియబుల్‌లో చేర్చాలి. చేర్చాక తెరిచి ఉన్న కమాండ్ విండో మూసి కొత్తది తెరవాలి, పాత విండోకి కొత్త పాత్ తెలియదు. ఫైలు దొరకలేదంటే నోట్‌ప్యాడ్ దాని పేరు చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించిందేమో చూడు. ఫైలు పేరు, పబ్లిక్ క్లాసు పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. రన్ చేసేటప్పుడు క్లాసు పేరొక్కటే ఇవ్వాలి, చివర డాట్ క్లాస్ అని తగిలిస్తే మెయిన్ క్లాస్ దొరకలేదంటుంది. పైన ప్యాకేజీ లైను రాసి ఉంటే ఆ ప్యాకేజీ ఫోల్డర్‌లోంచి కాక దాని పై ఫోల్డర్‌లోంచి పూర్తి పేరుతో రన్ చెయ్యాలి.

ఇంట్లో ఆడిన ప్రోగ్రాం కాలేజీలో ఆడట్లేదని ఏడ్చిన పిల్లని చూశాను. ఇంట్లో జావా 21, అక్కడ జావా 8. క్లాస్ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి రన్ చేస్తే అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్ అని వచ్చింది. ఆ వాక్యంలో 65.0 అని ఒక అంకె, 52.0 అని ఒక అంకె ఉంటాయి. రెండింట్లోంచీ 44 తీసెయ్. 65లోంచి తీస్తే 21, 52లోంచి తీస్తే 8. కొత్త జావాతో తయారైన ఫైలుని పాత జావా చదవలేదని ఆ వాక్యమే చెప్పేసింది. సోర్సు ఫైలు పట్టుకెళ్లి అక్కడే కంపైల్ చేసుకో, లేదంటే ఇంట్లోనే రిలీజ్ 8 అన్న ఆప్షన్ ఇచ్చి కంపైల్ చెయ్యి. జావా 21 ఏదో వార్నింగ్ ఇస్తుంది, అది ఎర్రర్ కాదు, పని జరుగుతుంది.

ఇక కంపైలైపోయి రన్ చేసేటప్పుడు పడేవి. ఎక్సెప్షన్ అన్న మాట, దాని పేరు, పక్కన కారణం, కింద ఎట్ ఎట్ అంటూ వరసగా లైన్లు. కారణం ముందు చదువు. ఇండెక్స్ 5 అవుట్ ఆఫ్ బౌండ్స్ ఫర్ లెంగ్త్ 5 అంటే ఐదు గడుల అర్రేలో చివరి గడి నంబరు 4, నువ్వు 5 అడిగావు. లూప్ షరతులో తక్కువ అని ఉండాల్సిన చోట తక్కువ లేదా సమానం పెట్టి ఉంటావు. తర్వాత ఎట్ లైన్లలో నీ ఫైలు పేరు వెతుకు. స్కానర్‌కి అంకె ఇవ్వమంటే అక్షరాలు ఇచ్చావనుకో, పైన కనపడే మూడు నాలుగు లైన్లూ జావా సొంత స్కానర్ లోపలివి. వాటిలో నువ్వు మార్చేదేం లేదు. దిగుతూ వస్తే నీ ఫైలు పేరు, లైను నంబరు కనపడతాయి. చూడాల్సింది ఆ లైను.

నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అంటే అందరికీ దడే. నల్ అనే ఆలోచన టోనీ హోర్ అనే మహానుభావుడు 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో పెట్టాడు. అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఆయనే సభాముఖంగా చెప్పుకున్నాడు. కాబట్టి అది నీ ఒక్కదాని తిప్పలు కాదు. పాత జావాల్లో ఏ వేరియబుల్ ఖాళీగా ఉందో చెప్పేది కాదు. జావా 15 నుంచి ఏది నల్ అయ్యిందో, దానివల్ల ఏ మెథడ్ పిలవలేకపోయిందో వాక్యంలోనే చెబుతోంది. వేరియబుల్ పేరు బదులు లోకల్1 అని చూపిస్తే హైఫన్ జీ అన్న ఆప్షన్‌తో కంపైల్ చెయ్యి, అసలు పేరు కనపడుతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ నయం, ఎందుకంటే తప్పు జరిగిందని అవే చెబుతాయి. చెప్పకుండా తప్పు జవాబిచ్చేవి ఉన్నాయి, నేను భయపడేది వాటికే. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాస్తావు కదా. 12 ఇస్తే 479001600 వస్తుంది, సరైందే. 13 ఇస్తే 1932053504 అంటుంది. అసలు జవాబు 6227020800. ఇంట్‌లో 2147483647 దాటి పట్టదు, దాటినా జావా నోరెత్తదు. జవాబు చూడ్డానికి పెద్ద సంఖ్యే కాబట్టి రికార్డులో రాసేసి సంతకం కూడా పెట్టించుకుంటారు. లాంగ్ వాడితే 20 దాకా సరిగ్గా వస్తుంది, ఆపైన బిగ్‌ఇంటిజర్ వాడాలి. ఇంట్‌తోనే చెయ్యాలంటే గుర్తు పెట్టి గుణించే బదులు మ్యాథ్ క్లాసులో మల్టిప్లై ఎగ్జాక్ట్ వాడు, దాటగానే ఎక్సెప్షన్ ఇచ్చి ఆగుతుంది. ఇలాంటి పొరపాటే జావా సొంత లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో ఏళ్ల తరబడి ఉండిపోయింది. అది రాసిన జాషువా బ్లాక్ 2006లో తానే బయటపెట్టాడు. రెండు ఇండెక్సులు కలిపితే ఇంట్ హద్దు దాటిపోతుందని ఎవరూ చూసుకోలేదు.

ఇంకొకటి, మన భాషది. ల్యాబ్‌లో పాలిండ్రోమ్ ప్రోగ్రాం ఇస్తారు. మాడమ్, లెవెల్ అని ఇచ్చి చూసి ఊరుకుంటారు. నువ్వు వికటకవి అని ఇచ్చి చూడు. తెనాలి రామకృష్ణుడి బిరుదు, ఎటు చదివినా ఒకటేనని చిన్నప్పుడే చెప్పుకున్నాం. స్ట్రింగ్‌బిల్డర్‌తో రివర్స్ చేసి పోలిస్తే నీ ప్రోగ్రాం కాదంటుంది! కంపైలర్ ఏమీ అనలేదు, ఎక్సెప్షనూ లేదు, జవాబు మాత్రం తప్పు. ఎందుకంటే మనం వి అని ఒకే అక్షరంగా చదివేది జావా లెక్కలో రెండు, వకారం ఒకటి, గుడి ఒకటి. వికటకవి మనకి ఐదక్షరాలు, లెంగ్త్ అడిగితే ఏడు. తిరగేస్తే గుడి ముందుకొచ్చి వకారం వెనక్కి పోతుంది. అంతెందుకు, మన రామచంద్రపురం మనకి ఆరక్షరాలు, జావాకి 12. జావా.టెక్స్ట్ ప్యాకేజీలో బ్రేక్‌ఇటరేటర్ అనే క్లాసుంది, దాని క్యారెక్టర్ ఇన్‌స్టాన్స్ తీసుకుంటే వికటకవిని సరిగ్గా ఐదు ముక్కలు చేసి ఇస్తుంది. ఆ ముక్కల్ని వెనక నుంచి పేర్చు. తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తే భాష తప్పు కాదు, ఎన్‌కోడింగ్ కుదరలేదు. ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చెయ్యి. జావా 18కి ముందుదైతే కంపైల్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ ఆప్షన్‌లో ఆ మాటే ఇవ్వు. వైవాలో ఎవరైనా స్ట్రింగ్ గురించి అడిగితే ఈ వికటకవి సంగతి చెప్పు, నీకు నిజంగా తెలిసిన విషయం అవుతుంది.

ఇంకో మాట, స్కానర్‌తో అంకె కోసం నెక్స్ట్ ఇంట్, ఆ తర్వాత పేరు కోసం నెక్స్ట్ లైన్ పెడితే పేరు తీసుకోకుండానే దాటిపోతుంది, గుర్తుపెట్టుకో. అంకె తర్వాత నువ్వు నొక్కిన ఎంటర్ అక్కడే మిగిలిపోయి ఉంటుంది, నెక్స్ట్ లైన్ దాన్నే చదివేసుకుంటుంది. మధ్యలో ఒక నెక్స్ట్ లైన్ ఊరికే పిలిస్తే సరిపోతుంది. రెండు స్ట్రింగ్‌లు పోల్చడానికి ఈక్వల్స్ మెథడే వాడు, రెండు సమానాల గుర్తు వాడకు.

ఇప్పుడు ఫోన్‌లో ఏఐని అడిగితే ఎర్రర్ అతికించగానే సరైన ప్రోగ్రాం వచ్చేస్తోంది. అడగొద్దని అనను. కానీ ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజున ఫోన్ బయట పెట్టిస్తారు, రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ అంతే. ముందు ఆ మొదటి వాక్యాన్ని తెలుగులో పైకి చెప్పుకో, కారణం ఇదీ అని ఒకటి అనుకో, ఒకసారి మార్చి చూడు. అప్పటికీ తేలకపోతే ఫోన్‌నో, పక్కనున్న స్నేహితురాలినో, ల్యాబ్ సార్‌నో అడుగు. అలా అడిగిన ప్రశ్నకి వచ్చే జవాబు నీకు ఒంటబడుతుంది.

ఒక వంద పేజీల నోటుబుక్ కొనుక్కో. వచ్చిన ప్రతి కొత్త ఎర్రర్ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి, కింద కారణం తెలుగులో ఒక్క ముక్క రాసుకో. పరీక్ష ముందు రోజు రాత్రి గైడు కన్నా అదే పనికొస్తుంది. ఎంతకీ తేలనిది ఉంటే ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని మన ఇంటికొచ్చెయ్, కూర్చుని చూద్దాం. అంతవరకూ ఆగలేకపోతే ఫొటో తీసి పంపు. సగం కాదమ్మా, మొదటి లైను కనపడేలా మొత్తం తియ్యి. అన్నం మాత్రం తిని వెళ్లు.

నీ మేలు కోరే
పెదనాన్న