కీర్తికి కొలబద్ద

ఒక నాయకుని పేరు ప్రపంచమంతటా మారుమోగుతూంటే, అతని గొప్పతనానికి ఇంకేం రుజువు కావాలని కొందరు వాదిస్తారు. ఈ వాదన పైకి సబబుగానే తోస్తుంది. కాని చప్పట్లు ఎవరివో విచారించకుండా వాటిని లెక్కపెట్టడం విమర్శ కాజాలదు.

గోర్బచేవ్ సంగతే చూద్దాం. 1990లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. పశ్చిమదేశాల పత్రికలు ఆకాశానికెత్తాయి. 1996లో రష్యా అధ్యక్ష పదవికి పోటీచేస్తే నూటికి ఒక్క ఓటైనా పడలేదు. మరి స్వదేశపు ఓటే నిజమైన కొలబద్దా? అదీ కాదు. ఓటులో ఆనాటి ఆకలీ, కోపమూ, ప్రచారమూ కలిసే ఉంటాయి. 1987 నాటి క్షిపణుల ఒప్పందంవల్ల ప్రజలకు జరిగిన మేలు ఆ లెక్కతో చెరిగిపోదు.

లుముంబా 1960లో కాంగో ప్రధానిగా మూడు నెలలైనా నిలవలేదు. 1961 జనవరి 17న ఆయనను చంపారు. ఆ ఏడే మాస్కోలో ఒక విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు, 1992లో తీసేశారు, 2023లో మళ్ళీ పెట్టారు. ఇన్నేళ్ళలో మారింది లుముంబా కాదు, పేరు పెట్టేవారి అవసరం.

కాంగో సంపద కాంగో ప్రజలదేనన్న ఆయన మాట మాత్రం ఏ ఫలకంమీదా ఆధారపడలేదు. ఆ సంపద ఇంకా వారి చేతికి రాలేదు గనకనే ఆ మాట బతికి ఉంది.

కనుక నాయకుణ్ణి ఎందరెరుగుదురని కాదు, ఆ కీర్తి ఎవరికి పనికివస్తున్నదని అడగాలి. పాలకులు ఇచ్చిన కీర్తిని పాలకులే తిరిగి తీసుకోగలరు. శ్రమజీవుల పోరాటానికి అక్కరకొచ్చే పేరును తుడిచివేయడం ఎవరి తరమూ కాదు.