కూర్చుండుటయు కాయకమేనా?

దేహమే దేవాలయమని బసవేశ్వరుని బోధ. ఆలయమును కాపాడుకొనుట భక్తుని ధర్మమైనచో, కూర్చున్నచోటనే దానిని శిథిలము కానిచ్చుట ధర్మమగునా?

ముత్తుకూరు వంటి ఊళ్లలో ఈ ప్రశ్న కొత్తది. ఒకప్పుడు ఈ తీరమున బ్రదుకుతెరువనగా వల లాగుట, నారు నాటుట, బరువు మోయుట. 2008లో కృష్ణపట్నం రేవు ప్రారంభమైన పిదప, నేలటూరులో దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రము వెలసిన పిదప, క్రేను గదిలోను, లారీ చక్రము వెనుకను, కంప్యూటరు ముందును దినమంతయు కూర్చుండు కొలువులు వచ్చినవి. ఇదియు కాయకమే. చెమట యొక్కటే శ్రమకు గుర్తు కాదు.

అయినను దేహము మూల్యము చెల్లించుచునే యున్నది. లండను బస్సు ఉద్యోగులను పరిశీలించిన జెర్రీ మారిస్ అను వైద్యుడు, మెట్లెక్కి దిగు కండక్టర్లకంటె కూర్చుండి నడుపు డ్రైవర్లకు గుండెజబ్బు హెచ్చుగా వచ్చుచున్నదని 1953లోనే ప్రకటించెను. కదలని కాళ్ల కండరములు రక్తములోని చక్కెరను, కొవ్వును చక్కగా వినియోగించుకొనవు, రక్తప్రసారము మందగించును. పది లక్షలకు పైబడిన జనుల వివరములను పరిశీలించి 2016లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన పరిశోధన కొంత ఊరట నిచ్చినది. దినమునకు 8 గంటలకు మించి కూర్చుండువారికి కలుగు అదనపు ముప్పును, 60 నుండి 75 నిమిషముల వడినడక వంటి శ్రమ దాదాపు తొలగింపగలదట.

అట్లయిన ఇష్టలింగ పూజకు ఆసనమేల యని కొందరడుగవచ్చును. పూజాసనము కోరి వేసినది, కొంతసేపటిది. లేవ వీలులేని కుర్చీ వేరు. అచ్చట దోషము కూర్చున్నవానిదే కాదు, లేచుటకు ఐదు నిమిషముల వ్యవధి నీయని యజమానిదియు. ఎద్దునకైనను కాడి దింపి నీరు చూపుదురు. కూలి యిచ్చి శ్రమను కొనవచ్చును గాని ఆయువును కొనరాదు.

ఆయ్దక్కి మారయ్య అనుభవగోష్ఠిలో మైమరచి కూర్చుండగా, కాయకము ఆగినదని గుర్తుచేసి లేపి పంపినది ఆయన ఇల్లాలు లక్కమ్మ. ఆ తల్లి తలచినది ఆరోగ్యమును కాదు, ధర్మమును. అయినను జ్ఞానగోష్ఠి సైతము మనుజుని కదలకుండ కట్టివేయరాదని ఆమె చేత చెప్పుచున్నది.

కావున గంటకొకమారు లేచి నాలుగడుగులు వేయుట సోమరితనము కాదు, ఆలయ సేవయే. పిల్లలను పుస్తకము ముందు పూటంతయు కట్టివేయు తల్లిదండ్రులును, దీర్ఘ ప్రవచనములు చేయు మఠములును దీనిని యోచింపవలెను. ఇంటింట లక్కమ్మ వంటి గొంతు ఒకటి వినబడవలెను. జంగమమను మాటకే కదలునదని గదా అర్థము!