ఎదుగుదలకు రెండు రీతులు

యోవేలు గ్రంథము మొదటి అధ్యాయము నాలుగవ వచనములో, పంటను నాశనము చేసిన పురుగులకు హెబ్రీ మూలమున నాలుగు పేర్లు కలవు: గాజామ్, అర్బె, యెలెక్, హాసీల్. మన తెలుగు బైబిలులో ఇవి గొంగళిపురుగులు, మిడతలు, పసరుపురుగులు, చీడపురుగులు అయినవి. ఇవి నాలుగు జాతులా, లేక ఒకే మిడతకు నాలుగు దశలా అను విషయమున పండితులు ఏకీభవింపరు. ఒకటి మాత్రము నిశ్చయము: గొంగళిపురుగు ఎన్నడును మిడత కానేరదు. ఈ రెంటి బాల్యములు వేరు.

ఎడారి మిడత పిల్ల గ్రుడ్డు వెడలినది మొదలు తల్లిని పోలియుండును. రెక్కలు లేవు గాని, తల్లి మేయు పచ్చదనమునే అదియు మేయును. సాధారణముగా ఐదుమార్లు కుబుసము విడుచును. విడిచినకొలది రెక్కల మొగ్గలు వెలుపలనే పెరుగును. కడపటి కుబుసముతో అది ఎగురు మిడత యగును. నడుమ గూడు లేదు, నిద్ర లేదు.

పట్టుపురుగు సంగతి వేరు. మల్బరీ ఆకు తినుచు నాలుగుమార్లు కుబుసము విడిచినను అది పురుగుగానే యుండును. పిమ్మట గూడు అల్లుకొని, లోపల ప్యూపాగా మారును. పాత దేహములో చాల భాగము కరగిపోవును. గూటినుండి వెలువడు రెక్కల పురుగు ఆకు ముట్టదు. అసలు ఆహారమే తీసికొనదు. అయినను అది క్రొత్త ప్రాణి కాదు. ఆ రెక్కలకు మూలమైన కణములు పురుగు దేహములో ముందే యుండెను. గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక ఒకే ప్రాణియని హాలెండు దేశస్థుడైన యాన్ స్వామర్డామ్ 1669లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను.

ఈ రెంటిలో ఏది నిజమైన ఎదుగుదల? ప్రశ్నయే తప్పు. అయినను మన సంఘములలో దీనినే అడుగుచున్నాము. తల్లి ఒడిలో వాక్యము నేర్చిన యౌవనుని, "నీవు మారిన దినమేది?" అని నిలదీయుదుము. తిమోతికి అట్టి దినము వ్రాయబడలేదు. బాల్యమునుండి అతడు లేఖనములనెరిగినవాడు. దమస్కు మార్గమున పడిన సౌలునకు అట్టి దినము కలదు. మరియొక ప్రక్క, పాత జీవితము విడిచి మౌనముగానున్నవానిని చూచి, "ఇతనిలో ఎదుగుదల ఏది?" అందుము. త్వరపడి గూడు చీల్చినంత మాత్రమున లోపలి ప్రాణికి రెక్కలు రావు.

అయితే ఓర్పు వేరు, ఉపేక్ష వేరు. రెక్కలు రాని మిడత పిల్లలు సైతము దండుగా నడచి పైరును మేసివేయును. అపరిపక్వతవలన పొరుగువానికి నష్టము కలిగినప్పుడు, చిన్నవాడని విడిచిపెట్టుట ప్రేమ కాదు. చేసిన హానిని సరిదిద్దవలెను. ఎదుగు రీతిని మాత్రము నిర్బంధింపరాదు.

కాబట్టి ప్రియ చదువరీ, నీ బిడ్డను గాని, నీ సహోదరుని గాని తీర్పు తీర్చకమునుపు, అతని ఎదుగుదల ఏ రీతిదో మొదట తెలిసికొనుము. ఒకనికి దినదినము కుబుసము విడుచుటకు ధైర్యము కావలెను. మరియొకనికి గూటిలో నిమ్మళము కావలెను. ఎవనికి కావలసినది వానికిచ్చుటయే న్యాయము.