కిటికీలోంచి కనపడనివి

క్లీవ్‌లాండ్‌లో అపార్ట్‌మెంట్ కొన్నప్పుడు బాంకు అప్పు చూసి మా ఆవిడ గొణిగితే, "లేక్ వ్యూ ఊరికే వస్తుందా?" అన్నాను. ఎదురుగా ఈరీ సరస్సు. అవతలి గట్టు కనపడదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా సముద్రమే అనుకుంటారు.

ఆ నీళ్ళలో, ఒడ్డుకి ఎనిమిది మైళ్ళ అవతల, ఆరు గాలిమరలు పెడతామన్నారు. ప్రాజెక్టు పేరు ఐస్‌బ్రేకర్, మొత్తం 20.7 మెగావాట్లు. పేరు ఊరికే పెట్టలేదు. చలికాలంలో ఈరీ గడ్డకడుతుంది, గాలికి మంచుపలకలు కదిలి స్తంభాల్ని నెడతాయి. అందుకని నీటిమట్టం దగ్గర శంకువులా కట్టాలి, మంచు వంగి విరిగేలా. సముద్రంలో మరలు నిలబెట్టే పెద్ద ఓడలు సెయింట్ లారెన్స్ లాకుల్లో పట్టవు. సరే, ఇవి ఇంజనీర్ల తలనొప్పులు.

పిట్టల సంగతి వేరు. వలస పక్షులు రాత్రిళ్ళు ఈ సరస్సు దాటతాయి. 2020 మేలో రాష్ట్ర బోర్డు అనుమతి ఇస్తూనే, మార్చి నుంచి అక్టోబరు దాకా రాత్రిళ్ళు మరలు ఆపాలంది. కొన్ని నెలలకి ఆ షరతు తీసేసింది. కేసు ఓహాయో సుప్రీం కోర్టుకెళ్ళింది; 2022 ఆగస్టులో తీర్పు 6-1తో ప్రాజెక్టు వైపే వచ్చింది. ఈలోగా ఆలస్యాలూ వడ్డీలూ పెరిగి, 2023 డిసెంబరులో పని ఆపేశారు.

ఇందులో నా వంతూ ఉంది. మా బిల్డింగులో ఒకాయన వ్యతిరేకంగా సంతకాలు సేకరిస్తే నేనూ పెట్టాను. కాగితంలో పిట్టల కోసమనే రాసుంది. నేను చూసుకున్నది ఇంటి ధర. నిజానికి అంత దూరాన ఒక్కో మర, చాచిన చేతి చిటికెనవేలి గోరంత కూడా ఉండదు.

ఆ వారం అమ్మకి ఫోనులో చెప్పాను, కాస్త గొప్పగానే. "మన దగ్గర థర్మల్ స్టేషన్ కట్టినప్పుడు మనల్నెవరడిగార్రా?" అంది. చిన్నప్పుడు దండెం మీది చొక్కా బూడిద దులిపి వేసుకునేవాళ్ళం. కరెంటు ఎక్కడెక్కడి ఊళ్ళకో పోయేది. మాకు సాయంత్రమైతే కోత.

ఇప్పుడా "ఎక్కడెక్కడి ఊళ్ళ" వాణ్ణి నేనే. రాత్రింబగళ్ళు ఆగకుండా నడిచే సర్వర్ల మీద నా జీతం. ఈ సరస్సు చేపలు ఎన్ని తినొచ్చో ప్రభుత్వం సలహా ఇస్తుంది. అందుకు కారణాల్లో బొగ్గు పొగలోంచి దిగిన పాదరసం ఒకటి. దాని మీద మా బిల్డింగులో ఏ కాగితమూ తిరగలేదు. పిట్టల మీద నిజంగా ప్రేముంటే వాటిని లెక్కపెట్టమని, అవి దాటే వేళ మరలు ఆపమని అడిగుండాలి. నేను అడగలేదు, వద్దన్నాను.

పని ఆగిన వార్త వచ్చాక ఆయన లిఫ్టులో కనపడి "గెలిచాం" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. అమ్మకింకా చెప్పలేదు.