కిటికీ మీది బండ



ఇల్లు కట్టుకునేటప్పుడు మన కన్ను దేని మీద నిలుస్తుంది? వాకిలి తలుపు మీద, గోడల రంగు మీద, ముందరి అరుగు మీద. ఇల్లు చూడవచ్చిన చుట్టాలు మెచ్చుకునేవీ అవే. కిటికీ మీద అడ్డంగా వేసిన బండ ఎంత మందమని గానీ, అటక దూలం గోడలోకి ఎంతవరకు దిగిందని గానీ ఎవరైనా అడుగుతారా? గార పూశాక అవి ఎవరికీ కనబడవు. మరి కనబడని పనిలో కొంచెం తగ్గిస్తే అది పాపమా? పాపమే అయితే ఎవరి పాపం? ఈ వారం ఈ ప్రశ్నను గురించి ఆలోచిద్దాం.

మొదట ఆ బండ చేసే పని ఏమిటో చూద్దాం. గోడలో కిటికీకి ఖాళీ వదిలినప్పుడు పైనున్న గోడ బరువు, మిద్దె బరువు ఆ ఖాళీ మీద పడతాయి. ఆ బరువును మోసి రెండు పక్కల గోడలకు అప్పగించేదే పైనున్న బండ. ఇప్పుడు దానినే లింటెల్ అంటున్నాం. అది రెండు వైపులా గోడ మీద కనీసం 6 అంగుళాలైనా ఆని ఉండాలి. కాంక్రీటుతో పోస్తే ఇనుప కమ్మీలు అడుగు భాగాన ఉండాలి. ఎందుకంటే బరువు పడినప్పుడు సాగేదీ, పగిలేదీ అడుగు భాగమే. పోసిన తర్వాత కనీసం వారం రోజులు తడపాలి. అటక దూలానికీ ఇదే న్యాయం. దాని కొన గోడలోకి తగినంత దిగి, ఒక గట్టి రాయి మీద ఆనాలి. ఉత్త మట్టి మీద ఆనితే గోడ ఆ ఒక్కచోటే కుంగుతుంది. చెమ్మ తగిలితే కొన పుచ్చిపోతుంది, చెదలు పడతాయి. చెక్కతో చిన్న ఇళ్లు కట్టుకునే అమెరికా వంటి దేశాలలోనూ కిటికీ పైని అడ్డదూలం, నేల పలకలను మోసే అడ్డపట్టె చేసే పని ఇదే.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పాత మిద్దెలు మీరెరిగినవే. రాతి గోడలు, మట్టి అడుసు, దూలాలు, దంతెలు, పైన చవుడు మట్టి. కారకుండా ఉండాలని వానలకు ముందు మళ్లీ మళ్లీ మట్టి వేస్తూపోతే నెత్తిన బరువు పెరుగుతూనే ఉంటుంది. నేతపని చేసే ఇంట్లో వెలుతురు కోసం మగ్గం గుంట కిటికీ దగ్గర పెట్టుకుంటారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఆ నేతగాడు ఆ బండను నమ్ముకునే కూర్చుంటాడు.

ఇటువంటి ఇళ్లే 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో భూకంపానికి కూలిపోయాయి. నిద్రలో ఉన్న వేలాదిమంది తమ సొంత ఇంటి రాళ్ల కిందనే ప్రాణాలు విడిచారు. భూమి కదలడం మనిషి చేతిలో లేదు. కాని బరువైన మట్టికప్పు, ఒకదానితో ఒకటి కట్టుబడని రాతి గోడలు మనిషి చేతి పనే. కిటికీకొక ముక్క చొప్పున కాక, ఇంటి చుట్టూ ఒకే పట్టీగా లింటెల్ వేయమని ఇంజినీర్లు చెబుతారు. ఆ పల్లెల ప్రజలు మోసగాళ్లు కారు. తాతలనాటి పద్ధతిలో, తెలియక కట్టుకున్నారు. తెలిసిన మనకు ఆ సాకు లేదు.

పవిత్ర గ్రంథం ఈ విషయంలో మౌనంగా లేదు. ఇశ్రాయేలు ప్రజల ఇళ్లు కూడా మన మిద్దెల వంటివే. పైకప్పు మీద మనుషులు తిరిగేవారు, పడుకునేవారు. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకపోతే అక్కడినుండి పడి చనిపోయినవాని రక్తాపరాధం ఆ ఇంటి మీద ఉంటుందని ధర్మశాస్త్రం హెచ్చరించింది (ద్వితీయో. 22:8). సిమెంటులో, ఇనుములో మోసాన్ని మనం ‘దొంగిలించవద్దు’ అనే ఏడవ ఆజ్ఞ కింద మాత్రమే లెక్కవేస్తాం. దేవుడు దానిని ‘హత్య చేయవద్దు’ అనే ఐదవ ఆజ్ఞ దగ్గరకు తెచ్చాడు. ఇంకా ఎవరూ పడకముందే, ఎవరూ చావకముందే పిట్టగోడ కట్టమన్నాడు. ‘ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా’ అనడం మన అదృష్టాన్ని చెబుతుంది గాని మన నిర్దోషిత్వాన్ని చెప్పదు.

ఇక ఇది ఎవరి పాపం? వెంటనే మేస్త్రీ వైపు వేలు చూపుతాం. నాలుగు కమ్మీలు వేయవలసినచోట రెండు వేసి, ఆరంగుళాలు ఆనవలసిన బండను రెండంగుళాలకే ఆనించి గార పూసినవాడు తప్పు చేసినట్టే. కాని ఒక్క మాట. గుత్త మాట్లాడేటప్పుడు గిట్టుబాటు కాని ధరకు అతన్ని దించింది ఎవరు? పనివారి కూలి బిగబట్టింది ఎవరు? కోత కోసినవారికి ఇవ్వని కూలి దేవుని చెవిన మొరపెడుతుందని పునీత యాకోబు రాశాడు (యాకోబు 5:4). అన్యాయపు రాబడితో కట్టిన ఇంటిలో గోడ రాయి కేక వేస్తుందని, దూలం దానికి బదులు పలుకుతుందని హబక్కూకు ప్రవక్త అన్నాడు (2:11). సుగ్గికని మూటాముల్లె కట్టుకుని పోయే మన పడమటి పల్లెల వారిలో ఎందరో బెంగుళూరులోనూ, హైదరాబాదులోనూ ఇతరుల ఇళ్లకే లింటెళ్లు పోస్తున్నారు. వారికి న్యాయమైన కూలి దక్కాలని కోరుకునే మనం, మన ఇంటి బేల్దారికి దానిని నిరాకరించవచ్చునా?

‘అయ్యా, మేము పేదవారం, డబ్బు చాలలేదు’ అంటారా? అది నిజమే. పేదరికం పాపం కాదు. కాని చాలనప్పుడు దేనిని తగ్గించాలి అన్నది మన చేతిలోనే ఉంది. కిటికీని చిన్నది చేయండి, బండ మందాన్ని తగ్గించవద్దు. రంగులు వచ్చే ఏటికి వాయిదా వేయండి, లోపలి గోడకు గార లేకుండా కొన్నాళ్లు ఉండండి. రెండు గదులకు బదులు ఈసారి ఒక్క గదే కట్టుకోండి. తగ్గించిన సొగసు కొన్నాళ్లు కంటికి వెలితిగా ఉంటుంది, అంతే. తగ్గించిన బలం మన బిడ్డల నెత్తిన ఉంటుంది.

నజరేతులో యేసుప్రభువు జీవితాన్ని తలచుకోండి. సుమారు 30 ఏళ్లు ఆయన మరుగున ఉన్నాడు. పునీత జోజప్పగారి వద్ద పని నేర్చుకున్నాడు. సువార్త ఆయన వృత్తికి వాడిన గ్రీకు మాట వడ్రంగికే కాక ఇల్లు కట్టేవానికీ చెల్లుతుంది. ఆయన చేసిన ఒక్క తలుపు గాని, ఎత్తిన ఒక్క దూలం గాని సువార్తలో రాయబడలేదు. అయినా తండ్రికి ప్రియమైన కుమారుడు ఆయనే. ఎవరూ చూడని పనిని తండ్రి చూస్తాడని మనకు నేర్పింది ఆ ఏళ్లే.

కావున ఇల్లు కట్టుకుంటున్న కుటుంబాలవారు గార పూయకముందు ఒక పూట తీరిక చేసుకోండి. భార్యాభర్తలిద్దరూ మేస్త్రీతో కలిసి ప్రతి కిటికీ పైన, ప్రతి దూలం కొన వద్ద చూడండి. ‘ఏమన్నా తక్కువ పడిందా అన్నా, చెప్పు, ఇంకొంచెం సర్దుతాం’ అని అడగండి. పాత ఇంట్లో ఉన్నవారు కిటికీ మూలనుండి ఏటవాలుగా పాకిన పగులు కనబడితే సున్నంతో కప్పవద్దు. తెలిసినవారికి చూపించండి. అద్దెకిచ్చిన ఇల్లయితే ఇంకా త్వరగా చూపించండి. ఆ తర్వాతనే విచారణ గురువులను గృహాశీర్వాదానికి పిలవండి. గార వెనుకనున్న రాయి కూడా ఆ ఆశీర్వాదానికి తగినదిగా ఉండునట్లు ప్రభువు మనకు తోడ్పడునుగాక.